ఆజ్ఞ ఒకరిది... నింద మరొకరిది

1863 జులై 3. అమెరికా అంతర్యుద్ధం. పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్. ఒంటిగంటకు మొదలైన ఫిరంగుల మోత సద్దుమణుగుతోంది. దక్షిణాది జనరల్ పికెట్ వచ్చి తన పై అధికారి లాంగ్‌స్ట్రీట్ ముందు నిలిచాడు. దళాలను కదిలించమంటారా అని అడిగాడు. లాంగ్‌స్ట్రీట్‌కు నోరు పెగల్లేదు. తల మాత్రం ఊపాడు.

ఆ దాడి వద్దని ఆయన పొద్దుటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. ఎదురుగా మిట్ట మీద రాతిగోడ చాటున ఉత్తరాది సైన్యం. మధ్యలో ముప్పాతిక మైలు బట్టబయలు. అయినా దక్షిణాది సేనాని రాబర్ట్ ఈ. లీ వినలేదు. దాదాపు 12,500 మంది నడిచారు. చూస్తుండగానే సగానికి పైగా నేలకొరిగారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. పికెట్ కింది ముగ్గురు బ్రిగేడ్ అధిపతుల్లో ఒక్కడూ క్షేమంగా తిరిగి రాలేదు.

చెల్లాచెదురై వస్తున్న సైనికులకు లీ ఎదురెళ్లాడు. తప్పంతా తనదేనన్నాడు. ఆగస్టులో రాజీనామా కూడా పంపాడు. దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ఒప్పుకోలేదు.

యుద్ధం 1865లో ముగిసింది. అసలు కథ ఆ తర్వాతే. ఓడాం కాబట్టి కొత్త చట్టాలకు తలొగ్గుదామని, నల్లజాతివారి ఓటుహక్కును ఒప్పుకుందామని 1867లో లాంగ్‌స్ట్రీట్ పత్రికలకు రాశాడు. పాత మిత్రుడైన ఉత్తరాది సేనాని గ్రాంట్ పక్షాన రిపబ్లికన్ పార్టీలో చేరాడు. దక్షిణాదిలో ఆయన ద్రోహి అయ్యాడు. 1874లో న్యూ ఆర్లీన్స్ వీధుల్లో నల్లజాతి మిలీషియాకు నాయకత్వం వహించి, శ్వేతజాతి తిరుగుబాటుదారులను ఎదిరించాడు. గాయపడి వాళ్లకే చిక్కాడు.

అంతకుముందే, 1870లో లీ కన్నుమూశాక, జుబల్ ఎర్లీ, పెండిల్టన్ అనే మాజీ జనరళ్లు నోరు విప్పారు. జులై 2న తెల్లవారుతూనే దాడి చేయమని లీ ఆదేశించాడట. లాంగ్‌స్ట్రీట్ సాయంత్రం దాకా జాగు చేశాడట. పోరు మొదటిరోజు, జులై 1న, ఎదుటి గుట్టలను పట్టలేకపోయినవారిలో ఎర్లీ కూడా ఒకడన్న సంగతి ఆ గొడవలో మరుగునపడింది. లాంగ్‌స్ట్రీట్ లీ ఆంతరంగిక అధికారులకే ఉత్తరాలు రాసి అడిగాడు. అలాంటి ఆజ్ఞ తామెరగమని వాళ్లు జవాబిచ్చారు. జులై 2న ఆయన అయిష్టంగా, నిదానంగా కదిలిన మాట మాత్రం కాదనలేం. కానీ ఆ నిదానాన్ని నేరంగా మార్చింది యుద్ధం తర్వాత ఆయన పట్టిన రాజకీయమే.

1904లో లాంగ్‌స్ట్రీట్ పోయాక, గెటిస్‌బర్గ్‌లో ఆయన విగ్రహం నిలవడానికి 1998 దాకా ఆగాల్సి వచ్చింది. లీని దేవుణ్ని చేసినవాళ్లు ఆయన ప్రతి మాటనూ కళ్లకద్దుకున్నారు, తప్పు తనదేనన్న ఒక్క మాటను తప్ప.