ఫోర్ ఆర్గన్స్

అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 1970లో నాలుగు ఎలక్ట్రిక్ ఆర్గన్లకు, మరాకాలకు రాసిన మినిమలిస్టు రచన. పావుగంటకు పైగా సాగే ఈ సంగీతానికంతటికీ ఆధారం ఒకే ఒక్క కార్డ్ (కలిసి మోగే స్వరాల గుచ్ఛం). శ్రుతి మారదు, వేగం మారదు. మరాకాలు గలగలమంటూ ఎడతెగకుండా మాత్రలు వేస్తుంటాయి. మొదట్లో పొట్టిగా తెగి వినిపించిన కార్డ్‌లోని స్వరాలు ఒక్కొక్కటే సాగుతూ పోతాయి. 11 మాత్రల ఆవృత్తం చివరికి 200 మాత్రలు దాటిపోతుంది. మార్పు ఉంది, కానీ అది చెవికి అందేసరికి ఓపిక నశించినా నశిస్తుంది. దీర్ఘస్వరాలపై రచనలు నిలిపిన మధ్యయుగపు ఫ్రెంచి స్వరకర్త పెరోతాఁ ప్రభావం ఇందులో ఉంది.

1973 జనవరిలో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో, బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీలో భాగంగా దీన్ని వాయించినప్పుడు గొడవ రేగింది. లిస్ట్, బార్టోక్ కృతుల కోసం వచ్చిన శ్రోతలు కేకలు, ఎగతాళి చప్పట్లతో హోరెత్తించారు. ఒకరి వాద్యం ఒకరికి వినబడక, వాయిస్తున్న మైకేల్ టిల్సన్ థామస్ మాత్రల లెక్కను గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. ఒకావిడ వేదిక అంచుకేసి పదేపదే తల బాదుకుంటూ ఆపమని వేడుకుందని ఆయనే తర్వాత చెప్పారు. రైష్‌కు పేరు తెచ్చిపెట్టినవాటిలో ఆ రభస కూడా ఒకటి.