గణిత ప్రమేయాలకు రేఖారూపం: ‘ఆర్’ భాషలో గీసిన వక్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

గణిత సూత్రాన్ని చదివి అర్థం చేసుకోవడం అందరికీ సాధ్యం కాకపోవచ్చు. అదే సూత్రాన్ని గ్రాఫ్‌గా గీసి చూపితే పెరుగుదల, తరుగుదల, మలుపు ఒక్క చూపులో తెలుస్తాయి. అందుకే ధరలు, జనాభా, వ్యాధి వ్యాప్తి వంటి అంశాలపై వెలువడే నివేదికల్లో వక్రరేఖలు తరచూ కనిపిస్తాయి. కోవిడ్ మహమ్మారి కాలంలో అవి సామాన్య పాఠకుల ఇళ్లకూ చేరాయి.

ఇటువంటి రేఖలను గీసే సాధనాల్లో ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రముఖమైనది. ఇందులో గ్రాఫ్ గీయడం సులభం. దానిని చూసి పొరబడడమూ అంతే సులభం.

ఆర్ ఎక్కడ పుట్టింది?

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల ఆరంభంలో దీనిని రూపొందించారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్, ఆయన సహచరులు 1976లో ప్రారంభించిన ‘ఎస్’ భాష దీనికి మాతృక. ఇద్దరు రూపకర్తల పేర్లలోని మొదటి అక్షరం, ఎస్ అనే పాత పేరు కలిసి ‘ఆర్’ అనే పేరుకు కారణమయ్యాయి.

1995 నుంచి ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా లభిస్తోంది. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెర్షన్ విడుదలైంది. రుసుము చెల్లించనవసరం లేకపోవడం వల్ల విద్యార్థులకు, చిన్న సంస్థలకు ఇది అందుబాటులో ఉంది. మన దేశంలో ఐఐటీ బొంబాయికి చెందిన ఫాసీ ప్రాజెక్టు దీని వినియోగాన్ని ప్రోత్సహిస్తోంది.

వక్రం ఎలా ఏర్పడుతుంది?

ప్రమేయాలను గీయడానికి ఆర్‌లో ‘కర్వ్’ అనే ఆదేశం ఉంది. (ఆదేశాలను ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి. ఇక్కడ వాటి ఉచ్చారణను మాత్రమే ఇస్తున్నాం.) కర్వ్ అని రాసి, కుండలీకరణాల్లో ప్రమేయాన్ని, దాని తర్వాత ఎక్స్ విలువ మొదలయ్యే చోటును, ముగిసే చోటును ఇస్తే చాలు. ఉదాహరణకు సైన్ ప్రమేయానికి 0, 2పై అనే హద్దులు ఇస్తే ఒక పూర్తి తరంగం తెరపై కనిపిస్తుంది. హద్దులు చెప్పకపోతే 0 నుంచి 1 వరకు మాత్రమే గీస్తుంది. ఉన్న గ్రాఫ్ మీదనే మరో వక్రాన్ని చేర్చాలంటే ‘యాడ్’ అనే ఐచ్ఛికాన్ని వాడాలి.

కంప్యూటరుకు నిజమైన వక్రం గీయడం తెలియదు. ఇచ్చిన హద్దుల మధ్య సమాన దూరంలో కొన్ని బిందువులను ఎంచుకుని, ఒక్కొక్క చోట ప్రమేయం విలువను లెక్కించి, ఆ బిందువులను సరళరేఖలతో కలుపుతుంది. మనం వేరుగా చెప్పనంతవరకు కర్వ్ ఎంచుకునే బిందువులు 101. ‘జీజీప్లాట్2’ ప్యాకేజీలో ప్రమేయాలను గీసే సదుపాయం కూడా అదే సంఖ్యను పాటిస్తుంది.

99 తరంగాలు ఒక్కటైన వేళ

సాధారణ ప్రమేయాలకు 101 బిందువులు సరిపోతాయి. వేగంగా ఊగిసలాడే ప్రమేయాలకు చాలవు. 0 నుంచి 1 వరకు ఉన్న అవధిలో 99 సార్లు ఊగే సైన్ తరంగాన్ని తీసుకుందాం. బిందువుల మధ్య దూరం 0.01. ఒక బిందువు నుంచి మరొక బిందువుకు వెళ్లేలోగా తరంగం దాదాపు పూర్తి చుట్టు తిరిగి, నూరో వంతు మాత్రం వెనుకబడి ఉంటుంది. ఫలితంగా తెరపై 99 తరంగాలకు బదులు ఒకే ఒక్క తరంగం, అదీ తలకిందులుగా కనిపిస్తుంది.

ఆర్ ఎటువంటి హెచ్చరికా ఇవ్వదు. ఎందుకంటే అది లెక్కించిన ప్రతి విలువా సరైనదే. లోపం బిందువుల ఎంపికలో ఉంది. ‘ఎన్’ అనే ఐచ్ఛికం ద్వారా బిందువుల సంఖ్యను 2001కి పెంచితే అసలు రూపం బయటపడుతుంది. బిందువులు పెంచినప్పుడు రూపం మారితే, మొదటి గ్రాఫ్ నమ్మదగినది కాదని గ్రహించాలి.

అనంతం దగ్గర అప్రమత్తత

టాంజెంట్ ప్రమేయాన్ని 0 నుంచి పై వరకు గీస్తే మరో చిక్కు ఎదురవుతుంది. మధ్యలో, అంటే 90 డిగ్రీల వద్ద, ఆ ప్రమేయానికి విలువ లేదు. అయితే కంప్యూటరులో పై విలువ ఉజ్జాయింపు మాత్రమే కావడం వల్ల అక్కడ లక్షల కోట్లకు మించిన పరిమాణం గల సంఖ్య వస్తుంది. నిలువు అక్షం ఆ సంఖ్యకు తగినట్టు సాగిపోయి, మిగిలిన గ్రాఫ్ అంతా చదునైన గీతగా మారుతుంది.

‘వైలిమ్’ అనే ఐచ్ఛికంతో నిలువు అక్షాన్ని -10 నుంచి 10 వరకు పరిమితం చేస్తే ఆకారం కనిపిస్తుంది. అప్పటికీ మధ్యలో ఒక నిలువు గీత మిగలవచ్చు. అది ప్రమేయంలో భాగం కాదు, రెండు వైపుల బిందువులను కలిపిన గీత మాత్రమే. ప్రమేయాన్ని రెండు భాగాలుగా గీయడం మేలైన మార్గం.

కొత్తవారికి ఎదురయ్యే ఆటంకాలు

కర్వ్ అన్ని ఎక్స్ విలువలనూ ఒకేసారి ప్రమేయానికి అందిస్తుంది. అన్ని జవాబులనూ ఒకేసారి ఆశిస్తుంది. ఎప్పుడూ 5 అనే ఒకే జవాబు ఇచ్చే ప్రమేయాన్ని గీయమంటే దోష సందేశం వస్తుంది. 5కు సున్నా రెట్లు ఎక్స్‌ను కలిపి రాస్తే ఆ ఇబ్బంది తొలగుతుంది. ‘ఇఫ్’ షరతుతో రాసిన ప్రమేయాలదీ ఇదే పరిస్థితి. 2022లో వచ్చిన 4.2.0 వెర్షన్ నుంచి ఆ షరతుకు ఒకటికి మించిన విలువలు అందితే ఆర్ దానిని దోషంగానే పరిగణిస్తోంది. అటువంటి చోట ‘ఇఫ్ఎల్స్’ వాడాలి.

ఆరంభంలో ఒకేలా, చివరికి వేరుగా

వక్రాల పోలిక ఎంత కీలకమో ఒక ఉదాహరణ చూద్దాం. 100తో మొదలై ప్రతి 5 రోజులకు రెట్టింపయ్యే సంఖ్యను ఘాతీయ ప్రమేయంగా గీయవచ్చు. అదే వేగంతో మొదలై 10,000 అనే గరిష్ఠ పరిమితి వైపు సాగే సంఖ్యను లాజిస్టిక్ ప్రమేయంగా గీయవచ్చు. 10వ రోజున మొదటిది 400, రెండోది సుమారు 388. ఈ దశలో రెండు గీతలను వేరుచేసి చూడడం కష్టం. 30వ రోజున అవి 6,400, సుమారు 3,926 అవుతాయి. 50వ రోజుకు మొదటిది 1,02,400కు చేరితే, రెండోది 9,118 దగ్గరే ఉంటుంది.

అంటే తొలి పది రోజుల సమాచారంతోనే 50వ రోజును అంచనా వేసేవారు ఏ ప్రమేయాన్ని ఎంచుకున్నారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఎన్ని పడకలు, ఎన్ని నిధులు అవసరమో తేల్చే అధికారులకు ఈ తేడా చిన్నది కాదు.

నిలువు అక్షం కొలమానం కూడా అభిప్రాయాన్ని మార్చగలదు. ‘లాగ్’ ఐచ్ఛికంతో సంవర్గమాన కొలమానాన్ని ఎంచుకుంటే ఘాతీయ వక్రం సరళరేఖగా మారుతుంది. వృద్ధి రేటు స్థిరంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇది చక్కని పద్ధతి. కానీ అక్షంపై అంకెలు గమనించని పాఠకునికి, శరవేగంగా పెరుగుతున్నది కూడా నిలకడగా సాగుతున్నట్టు తోస్తుంది.

కనుక గ్రాఫ్ గీసేవారు హద్దులు, బిందువుల సంఖ్య, అక్షాల కొలమానం, ఎంచుకున్న ప్రమేయం ఏమిటో స్పష్టంగా పేర్కొనాలి. చదివేవారు గీత ఎటు వంగిందో చూసే ముందు అక్షాలపై అంకెలు చూడాలి. కొలిచిన సమాచారం ఎక్కడ ఆగిందో, అంచనా ఎక్కడ మొదలైందో అడిగి తెలుసుకోవాలి.