ఇంటి సేఫ్‌ల ఎలక్ట్రానిక్ తాళాలు

తాళంచెవికి బదులు అంకెల మీటలు, బ్యాటరీ, చిన్న సర్క్యూట్ బోర్డుతో ఇనప్పెట్టెను కాసేది ఎలక్ట్రానిక్ తాళం. అంతకుముందు చాలాకాలం డయల్ తాళాలదే రాజ్యం. యజమాని తన అంకెలు తానే మార్చుకోగల డయల్ తాళాన్ని అమెరికాలో జేమ్స్ సార్జెంట్ 1857లో చేశాడు. 1990ల మొదట్లో అక్కడి ప్రభుత్వ రహస్య పత్రాల కోసం మాస్-హామిల్టన్ ఎక్స్-07 అనే ఎలక్ట్రానిక్ తాళం వచ్చింది. దానికి బ్యాటరీయే లేదు; డయల్ తిప్పితే పుట్టే కరెంటుతో నడిచేది.

ఇళ్లకు చేరినవి అంత గట్టివి కావు. చవక పెట్టెల్లో చాలావాటికి గడియను ఆపేది వేలెడు సొలెనాయిడ్: ఓ తీగచుట్ట, అందులో స్ప్రింగు ఆనుకున్న ఇనుప పుల్ల. సరైన కోడ్ నొక్కితే కరెంటు పారి పుల్ల వెనక్కి జరుగుతుంది. పెట్టెను గట్టిగా కుదిపినా అది ఎగరొచ్చు. ఆ క్షణంలో పిడి తిప్పితే తలుపు వచ్చేస్తుంది. తుపాకులు దాచే కొన్ని చిన్న పెట్టెలను మూడేళ్ల పిల్లవాడు సైతం తెరవగలడని తాళాల నిపుణుడు మార్క్ వెబర్ టోబియాస్ బృందం 2012లో చూపింది.

ఖరీదైన తాళాల బలహీనత వేరు. 2016లో లాస్ వేగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ సదస్సులో ప్లోర్ అనే మారుపేరు గల హ్యాకర్, సార్జెంట్ పెట్టిన కంపెనీదే అయిన సార్జెంట్ అండ్ గ్రీన్‌లీఫ్ 6120 తాళాన్ని గీత పడకుండా తెరిచాడు. బ్యాటరీ ఉండేది తలుపు బయట, కీప్యాడ్‌లో. తాళం తన మెమరీలోంచి కోడ్ చదువుకునేటప్పుడు కరెంటు వాడకంలో వచ్చే స్వల్ప తేడాలను ఆ బ్యాటరీ తీగ దగ్గరే కొలిచి, అంకెలు రాబట్టాడు. మామూలు దొంగకు ఇంత తంటా అక్కర్లేదు లెండి, గునపం చాలు.

అసలు గొడవ 2023లో రేగింది. వారంటు చూపిన ఎఫ్‌బీఐకి లిబర్టీ సేఫ్ కంపెనీ ఒక కొనుగోలుదారుడి పెట్టె కోడ్ ఇచ్చేసింది. తమ కోడ్ ఇంకొకరి దగ్గరా ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది. విమర్శలు వెల్లువెత్తాక, కోరినవారి కోడ్‌ను రికార్డుల్లోంచి తొలగిస్తామని కంపెనీ ఒప్పుకుంది. మరుసటి ఏడాది సెనెటర్ రాన్ వైడెన్, తయారీదారుల దొంగదారి కోడ్‌ల గురించి ప్రజలను హెచ్చరించాలని ప్రభుత్వానికి లేఖ రాశాడు.

లిబర్టీ వార్త చూసి కుతూహలంతో తవ్వడం మొదలుపెట్టిన జేమ్స్ రౌలీ, మార్క్ ఓమో అనే పరిశోధకులు సెక్యూరామ్ కంపెనీ ప్రోలాజిక్ తాళాల్లో రెండు లోపాలను 2025లో బయటపెట్టారు. కోడ్ మరిచిపోయినవారికి సాయపడే తాళాలవాళ్ల కోసం పెట్టిన రీసెట్ ఏర్పాటే అందులో ఒకటి. కొత్త మోడళ్లలో సరిదిద్దుతామంది సెక్యూరామ్. అప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి మాత్రం కొత్త తాళం కొనుక్కోవాల్సిందే.