నవల రాద్దామని కూర్చుంటే...

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ. 1990ల నాటి మాట. మాండీ ఆఫ్టెల్ అప్పటికి మానసిక చికిత్సకురాలు. రోలింగ్ స్టోన్స్ సంగీత బృందంలోని బ్రయన్ జోన్స్ మీద 1982లో ఒక పుస్తకం రాసి ఉంది కాబట్టి ఆమెకు కలం కొత్త కాదు. ఈసారి నవల రాద్దామనుకుంది. ముఖ్య పాత్రకు సుగంధాలు తయారుచేసే వృత్తి ఇచ్చింది.

పాత్రకు పని ఇచ్చాక ఆ పనేమిటో రాసేవాళ్లకు తెలియాలి కదా. పరిమళాల మీద పాత పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. వాటిలో గులాబీ, మల్లె, సాంబ్రాణి, చందనం, దేవదారు... అన్నీ చెట్టూ చేమా ఇచ్చినవే. కస్తూరి, పునుగు లాంటివి మాత్రం జంతువులవి. 1882లో ఊబిగాన్ సంస్థ 'ఫూజేర్ రాయల్' అనే పరిమళంలో కృత్రిమ కూమరిన్ వాడింది. ఆ తర్వాత రసాయనాల ముందు పువ్వులు నిలవలేకపోయాయి. నిలవకపోవడంలో వింతేమీ లేదు. కిలో గులాబీ తైలానికి మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. ప్రయోగశాల సరుకు చవక, పైగా ఏ సీసా చూసినా ఒకే వాసన.

చదివింది చాలక పరిమళాల తయారీ నేర్పే ఒక తరగతిలో చేరింది. నవల పక్కకు జరిగింది.

ఆ తొలి రోజుల్లో ఒక సాయంత్రం ఇలా గడిచి ఉంటుంది. బల్ల మీద మెట్లు మెట్లుగా సీసాలు. ఆమె పద్ధతిలో అడుగు నుంచే కట్టుకు రావాలి: ముందు ఆలస్యంగా ఆవిరయ్యే బరువైనవి, తర్వాత పువ్వులు, చివర నిమ్మజాతి తేలికవి. ల్యాబ్డనం అనేది ఒక నల్లటి జిగురు, డ్రాపర్‌లోకి ఎక్కనంటుంది. గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే నెమ్మదిగా కదులుతుంది. ఆల్కహాల్‌లో దాన్ని రెండు చుక్కలు వేసి, కాగితపు పట్టీ ముంచి వాసన చూస్తుంది. కాసేపు పక్కన పెట్టి మళ్లీ చూస్తుంది. వేసిన చుక్కల లెక్క కాగితం మీద రాసుకుంటుంది. తర్వాత మల్లె. అందులోని ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటే పువ్వు, ఎక్కువైతే బీరువాలో నాఫ్తలీన్ ఉండలు. మల్లె తైలం ఒక్క చుక్క ఎక్కువ పడింది. ల్యాబ్డనం ఎక్కడుందో తెలియకుండా పోయింది. పప్పులో ఇంగువ ఎక్కువైతే ఇంకేం రుచి తెలుస్తుంది?

వేసిన చుక్కను వెనక్కి తీయలేం. పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఈ పని నేర్చుకోవడానికి తన దగ్గరికి వచ్చినవాళ్లకు ఆమె తర్వాత నేర్పింది కూడా ఇదే. రెండు తైలాల్లో ఒకటి రెండోదాన్ని మింగేయవచ్చు. లేదా రెండూ పెనవేసుకుని, ఏది ఏదో విడదీయలేని మూడో వాసన పుట్టవచ్చు. రసాయన అణువు ఒంటరిగా వస్తుంది, దాని స్వభావం ముందే తెలుసు. పువ్వు తైలంలో వందల అణువులుంటాయి, ఏటా పంటను బట్టి మారుతుంటాయి. దాని ఇరుగుపొరుగు ఎవరో చూసి కలపాలి. ఏళ్ల తరబడి మనుషుల మాటలు విన్న మనిషికి ఈ ఓపిక ఎక్కడిదని అడగక్కర్లేదు.

సహజమైనది గనక ఒంటికి మంచిదంటే మాత్రం నేను నమ్మను. శుద్ధి చేయని బెర్గమాట్ నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. ఓక్‌మాస్‌తో అలర్జీలు వస్తాయి. పైగా పూల పరిమళం ఒంటి మీద కొన్ని గంటలే. లిలీ ఆఫ్ ద వ్యాలీ అసలు తైలమే ఇవ్వదు, కనుక ఆ పువ్వు ఈ దారిలో అందనిదే. ఆఫ్టెల్ ఈ హద్దుల్లోనే ఉండిపోయింది. 'ఆఫ్టెలియర్' పేరుతో సొంతంగా చిన్న మోతాదుల్లో చేసి అమ్మింది. 2001లో 'ఎసెన్స్ అండ్ ఆల్కెమీ' పుస్తకం రాశాక, సహజ పరిమళాల దారిలోకి వచ్చిన చాలామందికి అదే పాఠ్యపుస్తకమైంది.

సూత్రాలను ఇనప్పెట్టెలో దాచుకునే వృత్తి ఇది. ఆమె మాత్రం 2017లో బర్క్‌లీలో తన పాత పుస్తకాలు, ముడి సరుకులతో చిన్న ప్రదర్శనశాల తెరిచి అందరినీ రమ్మంది. తిమింగలం కడుపులో పుట్టే అంబర్‌గ్రిస్ కూడా అక్కడ ఉంచింది. వచ్చినవాళ్లు నచ్చిన తైలాల్లో కాగితపు పట్టీలు ముంచుకుని ఇంటికి పట్టుకుపోయే ఏర్పాటు చేసింది.