లంకలో బియ్యపు కథ

ఒక దేశమున కఱవు వచ్చినదనగా వానలు కురియలేదేమో యని మనకు తోచును. సింహళద్వీపమునకు, అనగా నేటి శ్రీలంకకు, 2022లో వచ్చిన కష్టమునకు వానలోపము కారణము కాదు.

అది చెరువుల దేశము. పండ్రెండవ శతాబ్దమున పరాక్రమబాహువు పొలన్నరువలో కట్టించిన చెరువు, మధ్య శిథిలమై మరల బాగుపడి, నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. ఆంగ్లేయుల యేలుబడిలో కొండలపై కాఫీ వేసిరి. 1869లో ఆకుతెగులు పుట్టి, యిరువదేండ్లలో ఆ తోటలను మాపివేసెను. పిదప తేయాకు, రబ్బరు వచ్చినవి. ఈ సరకులు సీమకు పోవును. ఆ సొమ్ముతో బర్మానుండియు, మనదేశమునుండియు బియ్యము వచ్చును. ఇంటిగాదె ఓడలోనికి మారినదన్నమాట. 1942లో బర్మా జపానువారి వశము కాగా, లంకలో రేషను బియ్యమే గతి యయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చినను చిక్కు విడలేదు. 1952లో చీనాకు రబ్బరిచ్చి బియ్యము తెచ్చుకొను ఒడంబడిక చేసికొనిరి. మరుసటియేట రేషను బియ్యము కొలత 25 సెంట్లనుండి 70 సెంట్లకు పెంచగా హర్తాళము జరిగి, ప్రధాని డడ్లీ సేనానాయక పదవి విడువవలసివచ్చెను.

అటుపిమ్మట చెరువులు బాగుచేసి, క్రొత్త వంగడములు వేసి, చాలవరకు తమ బియ్యము తామే పండించుకొనసాగిరి. కాని ఆ పంటకు యూరియా కావలెను. యూరియాకు డాలర్లు కావలెను. ఓడపై నాధారపడుట పోలేదు, రూపు మార్చుకొన్నది.

2019లో ఈస్టరునాటి బాంబులకు యాత్రికులు బెదరిరి. ఆ యేటి చివర ప్రభుత్వము పన్నులు తగ్గించెను. 2020లో కరోనా వచ్చెను. విదేశపు ఋణముల వాయిదాలు మాత్రమాగలేదు. డాలర్లు తరుగుచుండగా, 2021 మే నెలలో రసాయనపు టెరువుల దిగుమతిని ఒక్కమాటుగా నిషేధించిరి. ప్రజారోగ్యముకొరకని చెప్పిరి, డాలర్లు మిగులునను ఆశయు లేకపోలేదు. పెంటయెరువు చెడ్డదని నేననను. అయితే దేశమంతటి పొలములకును ఒక్క కారులో అంత పెంట యెచటనుండి వచ్చును? పశువులు కావలెను, పచ్చిరొట్ట పెరుగవలెను. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

నవంబరులో నిషేధము నెత్తివేసిరి. అప్పటికి అదను దాటినది. ఆ పెద్దకారున వరి దిగుబడి మూడవవంతుకు మించి తగ్గెను. తేయాకుకూడ తగ్గెను, డాలర్లు మిగిల్చుటకు చేసిన పని డాలర్లు తెచ్చు పంటనే కొట్టినది.

2022 ఏప్రిలు 12వ తేదీన విదేశపు టప్పులు ప్రస్తుతము తీర్చజాలమని ప్రభుత్వము ప్రకటించెను. కొలంబోలో ఆహారపు ధరలు సెప్టెంబరునాటికి ముందటియేటికంటె సుమారు 95 శాతము హెచ్చినవి. అధ్యక్షుడు గోతాబయ రాజపక్స జూలైలోనే దేశము విడిచిపోయియుండెను. ఆ జూలైలోనే, మనదేశమిచ్చిన అప్పుమీద, 44,000 టన్నుల యూరియా ఆ ద్వీపమునకు చేరెను.