నాడీ వైవిధ్యం

నాడీ వైవిధ్యం లేదా న్యూరోడైవర్సిటీ అనగా మనుషుల మెదళ్ళు పనిచేసే తీరులో సహజంగా ఉండే భేదాలను సూచించే భావన. ఆటిజం, డిస్లెక్సియా వంటి స్థితులను కేవలం రోగాలుగా కాక, ఈ భేదాలలో భాగంగా చూడాలని దీనిని సమర్థించేవారు అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన జూడీ సింగర్ 1998 నాటి తన సిద్ధాంత వ్యాసంలో దీనిని చర్చించింది. విశ్వవిద్యాలయాలలో విద్యార్థులకు ఈ విషయం పరిచయం చేసే మార్గాలలో సామూహిక పఠనం ఒకటి.

ఆటిజం

1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించాడు. తల్లి ప్రేమ చూపకపోవడమే దీనికి కారణమనే అభిప్రాయం ఆ తరువాత రెండు దశాబ్దాలు బలంగా ఉండేది. అది తప్పని, జన్యుకారణాల పాత్ర ప్రధానమని తదుపరి పరిశోధనలలో తేలింది. తల్లి పెంపకాన్ని తప్పుపట్టే మాట మాత్రం మన పల్లెలలో ఇంకా పూర్తిగా పోలేదు.

సామూహిక పఠనం

కళాశాలలో కొత్తగా చేరినవారందరూ ఒకే పుస్తకాన్ని చదివి చర్చించే పద్ధతి అనేక అమెరికా విశ్వవిద్యాలయాలలో ఉంది. ఒకరు చదవగా పదిమంది వినే పురాణ కాలక్షేపాన్ని, కారంపూడి ఉత్సవాలలో వీరవిద్యావంతుల గానాన్ని ఎరిగిన పల్నాటివారికి ఇది మరీ కొత్త సంగతి కాదు.

ఆటిజం విషయంలో పుస్తకం ఎవరు రాశారన్నది ముఖ్యం. మార్క్ హాడన్ 2003లో రాసిన 'ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్-టైమ్' ఒక బాలుడు తానే చెప్పినట్లు సాగినా, అది బయటివాని కల్పన. టెంపుల్ గ్రాండిన్ 1995లో వెలువరించిన 'థింకింగ్ ఇన్ పిక్చర్స్' స్వానుభవం. తాను మాటలతో కాక దృశ్యాలతో ఆలోచిస్తానని ఆమె వివరించింది. పశువులు దేనికి బెదురుతాయో వాటి కంటితో చూసి, అవి బెదరకుండా నడిచే దారులను, దొడ్లను రూపొందించింది. పశువులను ఎరిగిన రైతుబిడ్డలకు ఈ భాగం సులభంగా అర్థమవుతుంది. జపానుకు చెందిన నవోకి హిగాషిదా 13 ఏళ్ళ వయసులో రాసి, 2007లో ప్రచురించిన పుస్తకం కూడా ప్రసిద్ధమే. అయితే అందులో ఇతరుల సహాయం ఎంత అన్నదానిపై వివాదం ఉంది. చర్చలో దానిని దాచకుండా చెప్పడం మంచిది. నిత్యకృత్యాలకు కూడా ఇతరులపై ఆధారపడేవారి కష్టాన్ని ఈ భావన తక్కువ చేస్తోందని కొందరు తల్లిదండ్రుల విమర్శ.

భారతదేశంలో

1984లో సికింద్రాబాదులో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఆటిజం తీవ్రతను అంచనా వేయడానికి 40 అంశాల కొలమానాన్ని తయారుచేసింది. ఇందులో మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేదని, 153 దాటితే తీవ్రమని లెక్క. మాచర్ల, గురజాల ప్రాంతాలనుండి వచ్చి హాస్టలులో చేరిన విద్యార్థి భోజనశాల రొదకు చెవులెందుకు మూసుకుంటాడో ఈ అంకె తోటివారికి చెప్పదు. అది స్వానుభవ రచనలలో దొరుకుతుంది.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఆటిజం ఒకటి. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలు 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలి.