మనసు బాగుంటేనే మందు

అమెరికా సైన్యానికి కామెర్లు కొత్త కాదు. 1942లో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న సైనికుల్లో దాదాపు 50 వేల మంది కామెర్లతో ఆసుపత్రుల పాలయ్యారు. టీకాలో కలిపిన మానవ సీరం ద్వారా వారికి హెపటైటిస్ బి సోకిందని దశాబ్దాల తరవాత రక్తపరీక్షలు తేల్చాయి. సోకినవారు మొత్తం 3.3 లక్షల మంది ఉంటారని అంచనా. ఆనాటి వైద్యమంతా పడక, పథ్యం. ఎక్కువమంది కోలుకుని విధుల్లో చేరడంతో, అది వచ్చిపోయే జబ్బుగానే సైన్యం లెక్కల్లో నిలిచింది.

వియత్నాం యుద్ధానికి వెళ్లిన తరం సంగతి వేరు. వాళ్లు తెచ్చుకున్న జబ్బు ఒంట్లోనే ఉండిపోయింది, పైగా చాలాకాలం దానికి పేరు కూడా లేదు. యుద్ధం మనసుకు చేసిన గాయాన్ని మాత్రం లోకం ముందే గుర్తించింది. 1970లో న్యూయార్క్‌లో రాబర్ట్ లిఫ్టన్, ఛాయిమ్ షాటన్ అనే మానసిక వైద్యులు మాజీ సైనికులతో కలిసి కూర్చుని మాట్లాడే బృందాలు మొదలుపెట్టారు. 1979లో వీఏగా పిలిచే మాజీ సైనికుల సంక్షేమ విభాగం ఊళ్లలో కౌన్సెలింగ్ కేంద్రాలు తెరిచింది. మరుసటి ఏడాది, ఘోర అనుభవాల తరవాత మనసును వేధించే పీటీఎస్‌డీ మనోవ్యాధుల అధికారిక పట్టికకెక్కింది. ఒంట్లో ఉండిపోయిన ఆ జబ్బుకు కారణమైన హెపటైటిస్ సి వైరస్‌ను కనిపెట్టింది మాత్రం 1989లో. రక్తదానాల్లో దానికోసం పరీక్ష మొదలైంది ఆ తరవాతి ఏడాదే. అప్పటికి ఆ సైనికులు నడివయసుకొచ్చేశారు. కొందరికి క్షతగాత్రులుగా ఎక్కించుకున్న రక్తం నుంచి, కొందరికి మత్తు సూదుల నుంచి వైరస్ వచ్చింది. సైన్యంలో వరసగా నిలబెట్టి ఒకే జెట్ గన్‌తో వేసిన టీకాలే కారణమని నమ్మినవారూ ఎందరో. మూలం ఏదని తేలుతుందో దానిమీదే పరిహారం ఆధారపడేది. మత్తుమందుల వల్ల వచ్చిందంటే పరిహారం దక్కేది కాదు. అందుకే ఈ జబ్బు వెంట మొదటినుంచీ సిగ్గూ కోపమూ ఉన్నాయి.

1999 మార్చి 17న వీఏ ఒక్కరోజు దేశవ్యాప్త సర్వే చేసింది. పరీక్షించిన 26 వేల పైచిలుకు మందిలో 6.6 శాతానికి హెపటైటిస్ సి ఆనవాలు కనిపించింది. సాధారణ జనాభాలో అప్పటి అంచనా 1.8 శాతమే.

వీరిలో చాలామందికి చికిత్స అందకపోయింది మందు లేక కాదు. 1991లో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్‌కు అనుమతి వచ్చింది, 1998లో రిబావిరిన్ మాత్రలు తోడయ్యాయి, 2001లో వారానికొక్కసారి వేసే పెగ్ ఇంటర్‌ఫెరాన్ వచ్చింది. ఎక్కువమందికి కోర్సు 48 వారాలు. వైరస్ సోకినప్పుడు శరీరం తనంతట తాను విడుదల చేసే సంకేతమే ఇంటర్‌ఫెరాన్. దాన్ని నెలల తరబడి పెద్ద మోతాదులో ఎక్కిస్తే రోగికి ఎడతెగని ఫ్లూ జ్వరంలా ఉంటుంది. నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది, కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు వస్తాయి. చికిత్స పొందినవారిలో నలుగురైదుగురిలో ఒకరు, ఒక్కోచోట ముగ్గురిలో ఒకరు తీవ్రమైన కుంగుబాటుకు లోనయ్యేవారు. సెరొటోనిన్ తయారీకి కావలసిన ట్రిప్టోఫాన్‌ను ఈ మందు తగ్గించడం అందుకొక కారణమని పరిశోధకుల భావన.

దాంతో తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి ఈ మందు వద్దనీ, తాగుడు, మత్తుమందులు మాని కనీసం ఆరు నెలలు గడిచాకే మొదలుపెట్టాలనీ 1997లో జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు సూచించింది. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. కానీ వియత్నాం తరానికి ఆ నియమాలను వర్తింపజేస్తే మిగిలేది ఎందరు? వీఏ కేంద్రాల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో చికిత్సకు అర్హులుగా తేలినవారు మూడింట ఒక వంతే. అప్పట్లో మానసిక పరీక్ష ఉన్నది ఆదుకోవడానికి కాదు, వడపోయడానికి. గాయం ఎక్కువున్నవాడికే మందు దూరమైంది.

మలుపు రెండు వైపుల నుంచి వచ్చింది. కుంగుబాటుకు వాడే పారోక్సెటిన్‌ను ముందుగానే ఇస్తే ఇంటర్‌ఫెరాన్ తెచ్చే కుంగుబాటు తగ్గుతుందని చర్మ క్యాన్సర్ రోగులపై 2001లో వెలువడిన అధ్యయనం చూపింది. మత్తు అలవాటున్నవారిని గంపగుత్తగా కాదనకుండా ఎవరికి వారుగా పరిశీలించాలని జాతీయ ఆరోగ్య సంస్థల 2002 సదస్సు చెప్పింది. ఇదే కాలంలో వీఏ హెపటైటిస్ సి వనరుల కేంద్రాలను నెలకొల్పింది. వాటిలో మినియాపొలిస్ కేంద్రం పట్టుకున్న చిక్కు చాలా మామూలుది. కాలేయ వైద్యుడు మానసిక విభాగానికి చీటీ రాసిస్తే రోగి అక్కడికి వెళ్లడు, వెళ్లినా తిరిగి రాడు. కనుక మానసిక నిపుణుడినే కాలేయ క్లినిక్‌లో కూర్చోబెట్టారు. కుంగుబాటు, పీటీఎస్‌డీ, తాగుడు ఎంతున్నాయో ప్రశ్నపత్రాలతో కొలవడం, చికిత్సకు ముందే సిద్ధం చేయడం, తాగుడు గురించి మందలించకుండా మాట్లాడటం, కోర్సు పూర్తయ్యేదాకా వెంట ఉండటం ఆ నిపుణుడి పని.

ఈ పద్ధతిని శాన్ డియాగో, పాలో ఆల్టో, బ్రాంక్స్ వీఏ ఆసుపత్రుల్లో మానసిక సమస్యో, మత్తు అలవాటో ఉన్న 363 మందిపై పరీక్షించారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మామూలు పద్ధతిలో 18.8 శాతం చికిత్స మొదలుపెడితే, నిపుణుడు తోడున్న బృందంలో 31.9 శాతం మొదలుపెట్టారు. వైరస్ పూర్తిగా పోయినవారు 7.7 శాతం నుంచి 15.9కి పెరిగారు. చిన్న అంకెలే, కానీ అంతకుముందు గుమ్మంలోనే ఆగిపోయే మనుషులు వీళ్లు.

అప్పటికే ఇంటర్‌ఫెరాన్ రోజులు ముగుస్తున్నాయి. 2013 డిసెంబరులో సోఫోస్‌బువిర్ వచ్చింది. తొలుత చాలామందికి దాన్ని ఇంటర్‌ఫెరాన్‌తో కలిపే ఇచ్చినా, 2014 చివరికల్లా ఎక్కువమందికి పన్నెండు వారాలు మాత్రలు మింగితే చాలనే స్థితి వచ్చింది, అవి మనసును కుంగదీయవు. అడ్డం పడింది ధర. అమెరికాలో అప్పట్లో కోర్సుకు 84 వేల డాలర్లు. 2016లో అదనపు నిధులు రావడంతో జబ్బు ఏ దశలో ఉన్నా అందరికీ ఇస్తామని వీఏ ప్రకటించింది. 2019 మార్చి నాటికి దాదాపు 1.16 లక్షల మంది కొత్త మాత్రలు మొదలుపెట్టారు, దాదాపు 97 వేల మందికి జబ్బు నయమైంది.

మందు మనసుకు హాని చేయడం మానేశాక మానసిక సాయం అక్కర్లేదనిపించవచ్చు. నిజానికి పని మారింది, తగ్గలేదు. వీఏ నయం చేయాలని లక్ష్యంగా పెట్టుకున్నది అర్హులై, చికిత్సకు ఒప్పుకున్నవారిని. ఒప్పుకోనివారిలో ఇల్లు లేనివారు, తాగుడు మాననివారు, ఒకప్పుడు కాదని పంపేస్తే మళ్లీ ఆ గడప తొక్కనివారు ఉన్నారు. వారిని రప్పించడానికి మాత్ర చాలదు, మనిషి కావాలి. నయమైనవారిలోనూ కాలేయం గట్టిపడ్డవారు ఆరు నెలలకోసారి క్యాన్సర్ పరీక్షకు రావాలి, మద్యం ముట్టకూడదు. వైరస్ పోయినా పీటీఎస్‌డీ పోదు, తాగుడు దానంతటదే ఆగదు. 48 వారాల ఇంజెక్షన్ కోసం కాలేయ క్లినిక్‌లో వేసిన మానసిక నిపుణుడి కుర్చీకి అందువల్లే ఇంకా పని ఉంది.